నిలబెట్టి చూసిన బండి

దాచి అమ్మే బుద్ధి నాకు లేదు మిషారీ,
ఉన్నదున్నట్టు చెప్తా.
నా అరబ్బీ కూడా ఈ బండి మాదిరే,
నాలుగు దుకాణాల సామాను. సర్దుకోని ఇను.

పేరుకు డెబ్బైఒకటో సంవత్సరం షెవెల్.
ఇంజిను దీనిది కాదు, ఇంకా పెద్దది,
ఫహాహీల్ కాడ పల్టీ కొట్టిన పికప్పులోంచి దించినాం.
గేరుబాక్సు వేరే దాంది.
ముందు బ్రేకులు ముసలి కాప్రిస్‌వి.
నాలుగూళ్ల కోడండ్లు ఒక పొయ్యి కాడ చేరినట్టు
మొదట్లో బాగా కొట్లాడినాయి.
ఇప్పుడు గొణుగుడే.

రివర్సు గేరు జారతాది, చేత్తో అదిమి పట్టుకోవాల.
పెట్రోలు ముల్లు ఎప్పుడూ సగం కాడే,
నిండినా సగమే, ఎండినా సగమే, దాన్ని నమ్మాకు.
డ్రైవరు తలుపు ఎత్తి వేయాల.
పక్క సీటు కింద రేకు తుప్పు తినేసి
అరచెయ్యంత బొక్క.
ఏసీ లేదు. ఆగస్టులో స్టీరింగుకు తువ్వాల చుట్టుకో.
రేడియో ఉండాల్సిన చోట రెండు వైర్లుండాయి, ముట్టుకోవద్దు.

రంగా?
ఓబులేసు నలుపన్నాడు, నేను ఎరుపన్నా.
ఎవరమూ దిగలేదు,
బండి ప్రైమరు బూడిదలోనే నిలబడిపోయింది.
పోయిన రంజాను ముందు వాని అకామా తీరిపోయి
రాయచోటి బస్సెక్కినాడు.
ఎదురు చెప్పేవాడు లేక
ఎరుపు మీద నాకూ మోజు పోయింది.

ఎట్లొచ్చిందంటావా.
పద్నాలుగు నెలల జీతం బాకీపడ్డ సేఠు
ఒక పొద్దున షువైఖ్ షెడ్డు షట్టరు సగం దించి
తాళంచెవి నా జేబులో ఏసి
"ఇదే నీ లెక్క" అన్నాడు.
దఫ్తరు ఇంకా ఆయన పేరు మీదనే,
సంతకానికి వస్తానన్నాడు, వస్తాడు,
కాఫీ తాగించు, మాట మీద నిలబడే మనిషే
దుడ్లు లేనప్పుడు తప్ప.

మూడేండ్ల శుక్రవారాలు.
వారమంతా ఊరోళ్ల బండ్ల కింద పండుకుంటి,
శుక్రవారం దీని కింద.
గోళ్లలో గ్రీజు పోక
అన్నం స్పూనుతో తిన్నా.

అంతా ఇని, నువ్వు ఒక్కటే అడిగితివి:
"రోడ్డు మీద ఎట్లుంటాది?"

తెలీదు.
నాకు లైసెన్సు లేదు మిషారీ.
షెడ్డు లోపల పదడుగులు ముందుకు, పదడుగులు వెనక్కి,
అంతే నేను దీన్ని నడిపింది.
నిలబడి అరిస్తే ఏ బోల్టు అదురుతాదో చెప్తా.
పరుగు నేనెరగను.

నువ్వు నవ్వలేదు.
"ఎక్కు" అన్నావు.

ఆరో రింగురోడ్డు, అసరు నమాజు దాటినాక.
బొక్కలోంచి వేడిగాలి కొట్టింది,
నా చెప్పుల సందులో తెల్లగీతలు
ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి, తర్వాత అన్నీ ఒకటే.
చిన్నపిల్లోని మాదిరి కాళ్లు పైకి లాక్కుంటి.
నువ్వేమో అద్దం దించి, మోచెయ్యి బయటపెట్టి
ఎవరికో చెయ్యూపుతుండావు.

నూరు దాటినాక వినపడింది.
వెనక ఇరుసు కాడ,
ఒట్టి రోట్లో ఎవరో రోకలి ఏసినట్టు,
టక్, టక్, కాసేపు ఆగి, టక్.
చెయ్యెత్తినా, ఆపమని కాదు, నిదానించమని.
ఎనభైలో లేదు.
మళ్లా నూరు. ఉండాది.
మూడేండ్లు దాని పొట్ట కింద చెవి పెట్టుకోని పండుకున్నోన్ని,
నాకు ఒక్కసారీ చెప్పలేదే ఇది.

అనుకున్న రేటులో యాభై దీనార్లు తగ్గించుకో.

వద్దు, తగ్గించాకు.
వచ్చే శుక్రవారం దాకా బండి నా కాడ పెట్టిపో.
అడ్వాన్సు నీ జేబులోనే ఉండనీ.
ఆ చప్పుడు యాడిదో పట్టుకుంటా.
పట్టుకోవాలంటే మళ్లా నూరు మీద పోవాల,
నువ్వు రావాల,
నాకు లైసెన్సు లేదు గదా.